గది సర్దినా మిషన్ కదల్లేదు: ఒక బొంత కేసు

తిరుపతిలో కుట్టుపని నేర్పడం మొదలుపెట్టి నాకు 20 ఏళ్లు దాటింది. నా దగ్గర నేర్చుకున్నవాళ్లలో కొందరు మధ్యలో మానేస్తారు. మళ్లీ మొదలుపెట్టాలని మనసులో ఉంటుంది గానీ చెయ్యి సాగదు. అలాంటివాళ్ల ఇళ్లకు వెళ్లి కుట్టుగది చక్కబెట్టి, మిషన్ తిరిగి నడిచేదాకా వెంట ఉండటం కొన్నేళ్లుగా నా పనిలో భాగమైంది. ఈ కేసులో నేను మొదట చేసిన పనిని చూసినవాళ్లంతా మెచ్చుకున్నారు. దానివల్ల ఒక్క కుట్టు కూడా పడలేదు. అందుకే రాస్తున్నాను.

ఆమెను ఇక్కడ సరోజక్క అంటాను. పేరు, పేట, కుటుంబ వివరాలు కొన్ని మార్చాను. రాసింది చదివి వినిపిస్తే, "కత్తెర సంగతి మాత్రం తీసెయ్యొద్దు టీచరమ్మా, మా ఆయన చదవాల" అంది.

నేపథ్యం

సరోజక్కకు 63 ఏళ్లు. ఉద్యోగం చేసి రిటైరైంది. పుట్టింది చిత్తూరు దగ్గర పల్లెలో. వాళ్ల అవ్వ పాత చీరలు నాలుగు పొరలుగా పరిచి, నలుగురు ఆడవాళ్లు చుట్టూ కూర్చుని పెద్ద సూదులతో బొంతలు కుట్టడం చూస్తూ పెరిగింది. నా దగ్గరికి వచ్చింది మాత్రం ముక్కలు కొలతపెట్టి కోసి, బ్లాకులుగా కలిపి, మిషన్ మీద కుట్టే పద్ధతి నేర్చుకోవడానికి. ఆమె చేతి పనిలో తొందర ఉండదు. నా క్లాసులో మూలలు సరిగ్గా కలిసే ఇద్దరు ముగ్గురిలో ఆమె ఒకరు.

మూడేళ్ల కిందట వాళ్ల అమ్మ పోయింది. పట్టుచీరలు అక్కచెల్లెళ్లు పంచుకున్నారు. ఎవరికీ అక్కర్లేని నూలు చీరలు 19 ఈమెకు మిగిలాయి. వాటితో కూతురికి డబుల్ కాట్ బొంత కుడతానని మాట ఇచ్చింది. 4 వరసలు, 4 నిలువులు, బ్లాకుకు 16 చదరాలు. అలాంటి బ్లాకులు 56. అడ్డానికి 7, నిలువుకు 8. పూర్తయితే 84 ఇంచులు, 96 ఇంచులు. 38 బ్లాకులు అయ్యాక పని ఆగిపోయింది. నన్ను పిలిచేనాటికి 14 నెలలు దాటింది.

నాతో చెప్పిన సమస్య

"గది చూస్తేనే నీరసమొస్తా ఉండాది. గది బాగుంటే కుడతా."

ఈ మాట నాకు చాలామంది చెబుతారు. ఆ గది చూస్తే ఎవరికైనా నిజమే అనిపిస్తుంది. అది కుట్టుగది మాత్రమే కాదు. తిరుపతిలో ఇల్లున్నవాళ్లకు చెప్పక్కర్లేదు, కొండకు వచ్చే చుట్టాలకు ఏడాది పొడవునా ఒక గది సిద్ధంగా ఉండాలి. సరోజక్క ఇంట్లో అది ఈ గదే. పరుపులు ఇక్కడే, దిండ్లు ఇక్కడే, ఎవరో వదిలేసి పోయిన గుండు టోపీ కూడా ఇక్కడే. వచ్చినవాళ్లు ఊరికే రారు, తాంబూలంతో పాటు జాకెట్ ముక్క పెడతారు. అలా చేరిన జాకెట్ ముక్కలు ఒక ట్రంకు పెట్టె, రెండు సంచులు. పైగా కార్తీకంలో వానలు తగ్గని రోజులు కాబట్టి దండెం కూడా గదిలోకి వచ్చింది. తడి బట్టల కింద మిషన్.

పని మొదలుపెట్టే ముందు ఒక విషయం చూసుకుంటాను. ఆగిపోయింది కుట్టు ఒక్కటేనా, మిగతావి కూడానా అని. నిద్ర, తిండి తగ్గి, ఇష్టమైనవన్నీ ఒక్కొక్కటే వదిలేస్తుంటే గది సర్దడం నా పని కాదు. డాక్టరుకు చూపించమని చెప్పి వెనక్కి వస్తాను. సరోజక్క పొద్దున్నే వాకిట్లో ముగ్గు వేస్తోంది. సాయంత్రం కపిలతీర్థం దాకా నడిచి వస్తోంది. ధనుర్మాసంలో పొంగలి గురించి పది నిమిషాలు మాట్లాడింది. కుట్టు ఒక్కటే ఆగింది. ఈ సంగతి అప్పుడే నోట్‌బుక్‌లో రాసుకున్నాను. అన్నీ బాగుండి ఒక్కటే ఎందుకు ఆగిందని అప్పుడే అడిగి ఉంటే రెండు నెలలు మిగిలేవి.

మొదటి ప్రయత్నం: నా గొప్ప సర్దుడు

గది గజిబిజిగా ఉంది, ఆమె కూడా గదే కారణం అంటోంది, కాబట్టి సర్దాలి. ఇదీ నా లెక్క. రెండు రోజులు పెట్టాను. మూతలున్న ప్లాస్టిక్ డబ్బాలు 18 తెప్పించాను. గుడ్డలు రంగుల వారీగా మడిచి నిలబెట్టాం. అడుగు దారం చుట్టే బాబిన్లు, లేసులు, బొత్తాలు, జిప్పులు, అన్నిటికీ డబ్బాలు, డబ్బాలకు లేబుళ్లు. పరుపులు అటకెక్కాయి.

అక్కర్లేనివి నాలుగు సంచులైతే వాకిట్లో పెట్టించాను. అప్పటిదాకా వారం గుర్తుకు రాలేదు. ఆ రోజు శుక్రవారం. శుక్రవారం పూట ఇంట్లోంచి వస్తువు బయటికి పంపుతారా ఎవరైనా? సరోజక్క నన్ను ఏమీ అనలేదు. నేను గేటు దాటగానే నాలుగు సంచులూ లోపలికి వెళ్లాయని తర్వాత తెలిసింది. శనివారానికి వాటిని మళ్లీ విప్పి చూసిందట. విప్పాక పారేయడానికి ఎవరికి మనసొస్తుంది? ఇప్పుడు బయటికి పంపే పని బుధవారమో గురువారమో పెట్టుకుంటున్నాను. నాకు పట్టింపు ఉందా లేదా అన్నది అనవసరం, ఆ ఇంటికి ఉంది.

గది మాత్రం పత్రికలో బొమ్మలా వచ్చింది. కూతురు వీడియో కాల్‌లో చూసి మురిసిపోయింది. పక్కింటావిడ తన బీరువా కూడా సర్దిపెట్టమంది. ఆరు వారాలు గడిచాయి. నేను ఫోన్ చేసినప్పుడల్లా, "బాగుండాది టీచరమ్మా, చానా బాగుండాది" అనేది. కుట్టు సంగతి ఎత్తదు. ఒకసారి నేరుగా అడిగితే అసలు మాట వచ్చింది.

"కూర్చుంటే మళ్లీ చిందరవందర అవుతుందని భయం. మీరంత కష్టపడి సర్దితిరి."

నేను సర్దింది కుట్టేవాళ్ల గదిలా లేదు, చూసేవాళ్ల గదిలా ఉంది. బొంత కుట్టేచోట కోసిన ముక్కలు నేల మీద ఉంటాయి, దారం పోగులు చీరకు అంటుకుంటాయి, ఇస్త్రీ పెట్టె పక్కనే వేడిగా ఉంటుంది. ఆ గదిలో వీటిలో ఏ ఒక్కటి జరిగినా తప్పు చేసినట్టు కనిపించేలా నేనే చేశాను.

రెండో ప్రయత్నం: రోజుకు 15 నిమిషాలు

భయం పోవాలంటే చిన్నగా మొదలుపెట్టించాలనుకున్నాను. ఫోన్‌లో అలారం పెట్టుకుని రోజూ 15 నిమిషాలు కుట్టమన్నాను. చాలామందికి ఇది పని చేస్తుంది. ఈమెకు చేయలేదు. నాలుగు రోజులు అలారం మోగింది, అయిదో రోజు తీసేసింది. "పావుగంటలో ఏమీ కాదు. టెన్షన్ తప్ప" అంది. సాకు చెబుతోందని లోపల అనుకున్నాను. నిజానికి ఆమె మాట అక్షరాలా నిజం. అది చూడటానికి నాకు ఒక పూట పట్టింది.

ఊరికే కూర్చున్న పూట

కనుమ పోయాక ఒక మంగళవారం పొద్దున వెళ్లాను. "అక్కా, ఈరోజు నేనేమీ చెయ్యను, ఏమీ చెప్పను. నువ్వు కుట్టడానికి కూర్చో, నేను చూస్తా" అన్నాను. మూలన స్టూలు వేసుకుని నోట్‌బుక్ తెరిచాను. ఇలా కూర్చోవడం కష్టం. చెయ్యి ఊరుకోదు. నా ముందు ఎవరైనా కత్తెర వెతుకుతుంటే నేను లేచి వెతికే రకం.

9.35కి గదిలోకి వచ్చింది. కటింగ్ టేబుల్ నిండా ఆరిన బట్టలు. మడిచింది. వాళ్లాయన (నేను సారు అంటాను) చొక్కాలు ఆయన బీరువాలో, తువ్వాళ్లు ఇంకోచోట. తిరిగొచ్చేసరికి 9.50. కత్తెర లేదు. వెతికితే వంటింట్లో, స్టవ్ పక్కన దొరికింది. సారు దాంతో పాల ప్యాకెట్ కోసుకున్నారు. రెండు అలుగులకూ పాలజిడ్డు. కడిగి, తుడిచి, ఆరబెట్టింది. తర్వాత మిషన్‌కు కరెంటు. గదిలో ప్లగ్గు తలుపు వెనక ఉంది, వైరు చాలదు. ఎక్స్‌టెన్షన్ బాక్సు హాల్లో సారు ఫోన్‌కు పెట్టుంది. "ఉండు, చార్జింగ్ ఇరవై శాతమే ఉండాది" అని లోపల్నించి కేక. నిలబడింది. 10.08.

బాబిన్‌లో ఎర్ర దారం ఉంది, కావలసింది మీగడ రంగు. నేను లేబుల్ అతికించిన 'బాబిన్లు' డబ్బా రెండో అరలో, 'లేసులు' డబ్బా వెనక ఉంది. ముందుది దించి, వెనకది తీసి, మూత తెరిచి చూస్తే చుట్టిన బాబిన్ లేదు. చుట్టుకుంది. ఇస్త్రీ పెట్టె పడకగదిలో. దానికోసం వెళ్తుంటే ఫోన్. మదనపల్లె వాళ్లు, గురువారం దర్శనానికి వస్తున్నారట, ఆరుగురు. అక్కడినుంచి ఆమె మనసు అటక మీది పరుపుల మీదికి పోయింది. దించేదెవరు, ఎండకెప్పుడు వేయాలి. 10.40కి మిషన్ ముందు కూర్చుంది. పెడల్ మీద కాలు పెట్టగానే సూదిలోంచి దారం ఊడి వచ్చింది. 10.52కి కుక్కర్ కూత.

77 నిమిషాలు. ఒక్క కుట్టు లేదు. నా కాగితంలో పదకొండు పనులు రాసి ఉన్నాయి. ఎనిమిది ఇంటివల్ల వచ్చినవి, మూడు నా డబ్బాలవల్ల. ఈవిడకు నేను 15 నిమిషాల అలారం పెట్టించాను.

గదిలో వస్తువు ఏ డబ్బాలో ఉండాలన్నది నా మొదటి ప్రశ్న. అడగాల్సింది అది కాదు. కుట్టాలనే ఆలోచనకూ మొదటి కుట్టుకూ మధ్య ఎన్ని పనులున్నాయి, వాటిలో ఎన్ని తీసేయొచ్చు? ఆ లెక్కన మళ్లీ మొదలుపెట్టాం, ఈసారి చిన్న చిన్నవి. దండెం వెనక వరండా తడికల కిందికి పోయింది. వంటింటికి ఎర్ర పిడి కత్తెర ఒకటి కొని, సారు చేతికే ఇచ్చాం. కుట్టు కత్తెరకు మూర పొడవు నాడా కట్టి మిషన్ కాలికి ముడివేశాం. అది వంటింటి దాకా రాదు. ఎలక్ట్రీషియన్ వచ్చి మిషన్ పక్క గోడకు బోర్డు పెట్టాడు. మీగడ రంగు దారం ఎనిమిది బాబిన్లకు ఒకేసారి చుట్టి, మూత లేని స్టీలు గిన్నెలో మిషన్ పక్కనే పెట్టుకుంది. మీగడ రంగో లేత బూడిద రంగో అయితే చాలా రంగుల ముక్కల మీద ఎబ్బెట్టుగా కనబడదు, కాబట్టి ముక్క ముక్కకూ దారం మార్చే పని ఉండదు. ఎడమపక్క స్టూలు మీద పాత దుప్పటి నాలుగు మడతలు వేసి, దాని మీద చిన్న ఇస్త్రీ పెట్టె. డబ్బాల మూతలన్నీ తీసి ఒక సంచిలో కట్టేశాం. దుమ్ము పడదా అంటే పడుతుంది. పడనీ.

ఇంకొకటి చెప్పాను. లేచేటప్పుడు పని ముగించి లేవొద్దు. గుడ్డ, దాన్ని నొక్కిపట్టే ఫుట్ కిందే ఉండాలి, సూది గుడ్డలోకి దిగి ఉండాలి, కుట్టు సగంలో ఆగాలి. మర్నాడు వచ్చి కూర్చుంటే ఏం చేద్దామని ఆలోచించే అవసరం లేదు, కాలు ఆడిస్తే చాలు. చిన్నప్పటినుంచి 'పని సగంలో వదలకూడదు' అని విన్నవాళ్లకు ఇది గొంతులో పడదు. సరోజక్కకు వారం పట్టింది.

రెండు వారాల్లో మిషన్ నడిచింది. దిండు గలీబులు నాలుగు, కాళ్లు తుడుచుకునే పట్టాలు రెండు, మనవరాలి గౌనుకు అంచు. ఆమె సంతోషించింది, నేనూ సంతోషించాను. ఇక్కడితో ఆపి ఉంటే ఇది మంచి కేసు కిందే లెక్క. కానీ నా నోట్‌బుక్ చూసుకుంటే ఒక మాట మూడుచోట్ల కనిపించింది. డబ్బాలు సర్దిన మొదటి రోజు, రెండో రోజు, ఇప్పుడు మళ్లీ: "అది తర్వాత చూద్దాంలే." మూడుసార్లూ అది ఒకే మూట గురించి. ముదురు నీలం దుప్పటిలో కట్టిన మూట. బీరువా అడుగున, ట్రంకు వెనక. కుట్టాలన్న మనసు తిరిగొచ్చింది, బొంత మాత్రం రాలేదు.

మూట విప్పడం

ఎలా అడగాలన్నది ఆలోచించాను. "ఇప్పుడు అది పూర్తిచేద్దామా" అంటే మళ్లీ తర్వాతే. నేనే విప్పితే ఆమె గుట్టు లాగినట్టుంటుంది. "అందులో నీకు బాగా నచ్చిన బ్లాకు ఒకటి చూపించక్కా" అన్నాను. కాసేపు ఆలోచించి రెండు తెచ్చింది. ఒకటి చిలకపచ్చ గళ్ల చీరది. రెండోది పసుపు, మెరూన్. గంజి పెట్టి ఇస్త్రీ చేసినవి, అట్టల్లా నిలిచి ఉన్నాయి. మెత్తబడిన పాత నూలుచీర కోసేటప్పుడు సాగుతుంది, గంజి పెడితే సాగదు. ఆ పాఠం నాదే, ఆమె మర్చిపోలేదు.

ఒకదాని మీద ఒకటి పెట్టాను. కింది బ్లాకు నాలుగు పక్కలా కొద్దిగా బయటికి కనిపించింది, పూరీ మీద చిన్న పూరీ పెట్టినట్టు. స్కేలు పెట్టాను. ఒకటి 12 1/2 ఇంచులు, ఉండాల్సిన కొలతే, పక్క బ్లాకులతో కలిపి కుట్టాక 12 మిగులుతుంది. రెండోది 12 1/8.

"చూస్తివి కదా. చెయ్యి పోయింది" అంది. గొంతులో ఏడుపు లేదు, ఎప్పుడో తేల్చేసుకున్న సంగతి చెప్పినట్టు అంది. మొదటి వరస పరిచి చూసుకున్న రోజే బ్లాకులు కలవలేదట. కొలిచి చూడాలనుకోలేదు. అమ్మ పోయాక తన చూపు, చెయ్యి రెండూ దారి తప్పాయని అనుకుంది. అమ్మ చీరలు పాడు చేశానని మూట కట్టి ఎత్తిపెట్టింది. కూతురు ఫోన్‌లో "బొంత ఎందాకా వచ్చిందమ్మా" అంటే గది బాగాలేదని చెప్పడం మొదలుపెట్టింది. అలా చెప్పీ చెప్పీ చివరికి తానూ నమ్మింది. నాకూ అదే చెప్పింది.

నేను ఓదార్చలేదు. చెయ్యి పోయినవాళ్ల కొలతలు ఒక్కోసారి ఒక్కోలా తప్పుతాయి. మూటలోవి అన్నీ తీయించి కొలిచాను. 22 బ్లాకులు కచ్చితంగా 12 1/2. మిగిలిన 16 బ్లాకులు కచ్చితంగా 12 1/8. ఇంత నిలకడగా తప్పు చేయడం చేతి వల్ల కాదు.

"ఈ పదహారూ ఏ మిషన్ మీద కుట్టినావక్కా?"

ఆలోచించింది. పాత కాలి మిషన్ పట్టా తెగి మూలపడితే, అల్లుడు మోటారు మిషన్ కొనిచ్చాడు. జిగ్‌జాగ్ కూడా పడే రకం. ఆ తర్వాతవే ఈ పదహారు.

ఇక్కడ కొంచెం వివరం చెప్పాలి. ముక్కలు కలిపే బొంతలో కుట్టు గుడ్డ అంచు నుంచి పావు ఇంచి లోపల పడాలి. చాలామంది మిషన్ ఫుట్ అంచునే గుర్తుగా పెట్టుకుని గుడ్డ నడుపుతారు. సరోజక్క పాత మిషన్ ఫుట్ సన్నది, దాని అంచుకూ సూదికీ సరిగ్గా పావు ఇంచి ఉండేది. జిగ్‌జాగ్ మిషన్ ఫుట్ వెడల్పు, సూది అటూ ఇటూ ఆడాలి కదా. ఆమె మిషన్‌లో ఆ దూరం 5/16 ఇంచి. తేడా 1/16. కంటికి కనబడదు. కానీ ఒక కుట్టులో రెండు ముక్కలు కలుస్తాయి, ఒక్కో ముక్కలో 1/16 ఎక్కువ పోతుంది, అంటే కుట్టుకు 1/8. నాలుగు చదరాల వరసలో మూడు కుట్లు. మూడు 1/8లు 3/8. బ్లాకులో తగ్గింది సరిగ్గా అంతే.

మాటలతో ఆమె నమ్మలేదు. ఇంచిన్నర వెడల్పు పట్టీలు మూడు కోసి, ఫుట్ అంచునే గుర్తుగా పెట్టుకుని పక్కపక్కన కలిపి కుట్టమన్నాను. పావు ఇంచి కుట్టయితే మధ్య పట్టీ సరిగ్గా ఒక ఇంచి కనిపించాలి. కొలిస్తే 7/8 వచ్చింది. తర్వాత సూది నుంచి పావు ఇంచి కొలిచి, మిషన్ పలక మీద మందుల షాపులో దొరికే తెల్ల టేపు నాలుగు పొరలు గట్టులా అతికించి, గుడ్డను ఆ గట్టుకు ఆనించి కుట్టమన్నాను. ఈసారి ఒక ఇంచి.

స్కేలు తన చేతిలోకి తీసుకుని మళ్లీ కొలిచింది. ఇంకోసారి కొలిచింది. "అయితే నా చెయ్యి కాదా?" అంది. కాసేపటికి, "అల్లుడికి చెప్పొద్దు టీచరమ్మా, పాపం, కొనిచ్చినాడు" అంది.

ఉన్న బ్లాకులతో ఏం చేయాలి

మూడు దారులు ఉన్నాయి. ఒకటి, పదహారు బ్లాకులూ విప్పి మళ్లీ కుట్టడం. బ్లాకుకు 12 చిన్న కుట్లు, 3 పొడుగు కుట్లు. పాత గుడ్డ, విప్పేటప్పుడు చిరగొచ్చు. పైగా 14 నెలలు దూరంగా పెట్టిన మనిషి తిరిగి చేసే మొదటి పని విప్పడం కాకూడదు. రెండు, పెద్ద బ్లాకులను చిన్నవాటి సైజుకు కోసేయడం. అప్పుడు అంచు చదరాలు సన్నబడతాయి, పక్క బ్లాకు గీతలతో కలవవు. మూడు, చిన్న బ్లాకుల చుట్టూ ఒక ఇంచి పట్టీ వేసి, తర్వాత 12 1/2కు కోయడం. అన్నీ కలిపి కుట్టాక చిన్న బ్లాకు చుట్టూ 3/16 ఇంచి సన్నని గీత మిగులుతుంది.

మూడోది తీసుకున్నాం. అయితే అన్నీ కలిపి కలగలుపుగా పెడితే అతుకు వేసినట్టు కనిపిస్తుంది. పులిజూదం గళ్లు చూపించినట్టు నేల మీద గళ్లు గీసి చూపించాను. గీత ఉన్న బ్లాకు, గీత లేని బ్లాకు, మళ్లీ గీత ఉన్నది. అలా పెడితే ప్రతి అతుకు దగ్గరా ఒకవైపు గీత వస్తుంది, చదరాల గీతలు ఎదురెదురుగా కలవాల్సిన పనే ఉండదు. మొదటినుంచీ అలాగే అనుకున్నట్టు కనిపిస్తుంది. అలా పెట్టాలంటే రెండు రకాలూ సమానంగా ఉండాలి. ఉన్నవి 22, 16. అడ్డం 5, నిలువు 6 అయితే 30 బ్లాకులు, చెరి 15. అంటే కొత్త బ్లాకు ఒక్కటి కూడా కుట్టక్కర్లేదు. కాకపోతే బొంత 60 ఇంచులు, 72 ఇంచులకు తగ్గుతుంది. డబుల్ కాట్‌కు సరిపోదు.

ఆమె తల అడ్డంగా ఊపింది. "డబుల్ కాట్ అని చెప్పినా కదా." ఇక్కడ నేను నిర్ణయం చెప్పలేదు. మాట ఇచ్చింది ఆమె, తగ్గించుకోవాల్సిందీ ఆమే. "పాపను అడుగు" అని మాత్రం అన్నాను. ఏడాదిగా దాటేస్తున్న సంభాషణ అది. నా ముందే ఫోన్ చేసింది, స్పీకర్ పెట్టకుండా. ఇటు మాటలే నాకు వినబడ్డాయి. "కాదు... చిన్నది... సింగిల్... ఊ... అట్నా?" ఫోన్ పెట్టేసి, "చిన్నదైతే సూట్‌కేసులో పడుతుంది అంటా ఉండాది" అని నవ్వింది. హైదరాబాద్‌లో డబుల్ కాట్ మీద రగ్గు ఉందట. ఇది సోఫాలో కప్పుకోవడానికే అడిగిందట మొదటినుంచి.

చుట్టాల సంగతి

ఇంత చేసినా గురువారం ఆరుగురు వస్తే గది వాళ్లదే. ఇది మారదు, మార్చమనడం తిరుపతిలో అయ్యే మాట కాదు. అందుకే శాశ్వతంగా సర్దిన గది అనే ఆలోచన వదిలేశాను. అయిదు నిమిషాల్లో మాయమై, అయిదు నిమిషాల్లో తిరిగి వచ్చే ఏర్పాటు కావాలి. నూగు ఉన్న ఫ్లానెల్ గుడ్డ ఒకటి పీవీసీ పైపుకు కుట్టి, గోడకు రెండు కొక్కేల మీద వేలాడదీశాం. నూలు బ్లాకులు పిన్ను లేకుండానే ఫ్లానెల్‌కు అంటుకుని నిలబడతాయి. ముప్పై బ్లాకులూ దాని మీద వరసగా పెట్టుకుంది. చుట్టాలొస్తే పైన ఒక పాత పంచె పరిచి, పైపుతో సహా చుట్టి అటక మీదికి. వాళ్లు పోయాక విప్పితే ఏ బ్లాకు ఎక్కడుండాలో అక్కడే. ఒకటో రెండో జారుతాయి, అంతే.

జాకెట్ ముక్కల కథ ఇంకా మిగిలి ఉంది. లెక్కపెడితే 143. అన్నీ కొత్తవే, అన్నీ ఎవరో ప్రేమగా పెట్టినవే. ఒకదాన్ని తీసేద్దామంటే, పెట్టినవాళ్లు గుర్తొస్తారు. నిజానికి గదిలో ఆమెకు బరువైనవి డబ్బాలు కావు, ఈ 143 ముఖాలు. 'ఇది కావాలా వద్దా' అని ఒక్కొక్కటీ అడగడం మానేసి, అగ్గిపెట్టె తెచ్చాను. ప్రతిదాని అంచు నుంచి రెండు పోగులు లాగి, వరండాలో ఇనప మూకుడు మీద కాల్చాం. నూలైతే కాగితం కాలిన వాసన వచ్చి మెత్తటి బూడిద అవుతుంది. పాలియెస్టర్ కలిసిందైతే కరిగి గట్టి పూసలా ముద్దకడుతుంది. అలా ముద్దకట్టినది నూలుతో కలిపి బొంతలో కుడితే, నూలుకు పెట్టే వేడి ఇస్త్రీకి ముడుచుకుంటుంది. 31 నూలువి తేలాయి. మిగతా 112ను ఆమె మంచి సంచిలో మడిచి పెట్టింది. శ్రావణంలో పేరంటానికి వచ్చేవాళ్లకు తాంబూలంలో పెడుతుందట. వచ్చిన దారినే పోతాయి. ఒకటి రెండు తిరిగి ఈ ఇంటికే వచ్చినా నేను ఆశ్చర్యపోను.

ఎంతవరకు వచ్చింది

ఉగాదికి పైభాగం మొత్తం కలిసింది. మధ్యలో దూది పొర వేయలేదు. మా ఊరి ఎండలకు దూది బొంత ఎవరు కప్పుకుంటారు, హైదరాబాదైనా అంతే. మధ్యలో రెండు చీరల పొర, అడుగున నూలు దుప్పటి. మిషన్ మీదే కుట్టించాలనుకున్నాను గానీ చిన్న మిషన్ చేతి కిందికి అంత గుడ్డ చుట్ట దూరడం కష్టం. ఆమె దానికి ఒప్పుకోనూ లేదు. అవ్వ కుట్టినట్టు చేత్తో, లావు దారంతో, జానెడు దూరంలో వరసలు వేసింది. వరసలు కొంచెం వంకర. నాకు కనబడ్డాయి, చెప్పలేదు. అవి మాత్రం నిజంగా ఆమె చేతివే.

మేలో గంగమ్మ జాతరకు కూతురు వచ్చినప్పుడు బొంత పట్టుకుపోయింది. గంజి పోయేలా ఒకసారి ఉతికి మరీ ఇమ్మన్నాను. గంజి పెట్టిన గుడ్డ మడిచి పెట్టుకుంటే పురుగులు పడతాయి.

ఈ కేసు తర్వాత నేను పని చేసే వరస మారింది. మొదటిసారి వెళ్లినప్పుడు డబ్బా ఒక్కటి కూడా పట్టుకెళ్లను. ఒక పూట ఊరికే కూర్చుంటాను. 'తర్వాత చూద్దాం' అని ఏ మూట గురించి అంటారో దానికి గుర్తు పెట్టుకుంటాను, కానీ ఆ రోజు ముట్టను. మిషన్ ఎప్పుడైనా మార్చారా అని అడిగి, మూడు పట్టీల పరీక్ష చేయిస్తాను. ఇది ఇంకో ఇద్దరి విషయంలో పనికొచ్చింది. ఒకరి విషయంలో ఏమీ తేలలేదు, ఆమెకు నిజంగానే గదే సమస్య.

సరోజక్క గది ఇప్పుడు చూస్తే పత్రికలో వేయరు. కటింగ్ టేబుల్ మీద మళ్లీ బట్టలు చేరుతున్నాయి. ఇస్త్రీ స్టూలు మీద ఎవరిదో కళ్లజోడు. మిగిలిన ఎనిమిది బ్లాకులతో ఏం చేయాలో ఆమె ఇంకా తేల్చుకోలేదు, ఒక్కోసారి ఒక్కో మాట చెబుతోంది. పోయిన శుక్రవారం ఫోన్ చేసి ఎప్పుడు రమ్మంటావని అడిగాను.

"ఇప్పుడు కాదు టీచరమ్మా, కర్నూలు వాళ్లు వచ్చుండారు. గోడ చుట్టేసినా. ఆదివారం రాత్రి బస్సెక్కుతారు, సోమవారం విప్పుతా. వచ్చేటప్పుడు మీగడ రంగు దారం రెండుండలు తీసకరా."